సామ్యేలు పెట్టిన లక్క చుక్క

నర్సీపట్నంలో ఆ రోజుల్లో సైకిళ్ళు బాగుచేసేవాళ్ళకు కొదవ లేదు. అడుగుకో పంక్చరు కొట్టు ఉండేది. అయితే చేసిన పని మీద సంతకం పెట్టేవాడు మాత్రం సామ్యేలు ఒక్కడే. ఏటికొప్పాక బొమ్మల పనివాడొకడు ఎప్పుడో పంక్చరు వేయించుకోవడానికొచ్చి, మాటల్లో పడి, ఎర్ర లక్క కడ్డీ ఒకటి కొట్లో మరిచిపోయి వెళ్ళాడు. సామ్యేలు దాన్ని దీపం మీద కాస్త వేడి చేసి, తను బిగించిన నట్టు మీద కందిగింజంత చుక్క పెట్టడం మొదలుపెట్టాడు. ఆ నట్టుని ఇంకెవరైనా తిప్పితే చుక్క చిట్లిపోతుంది. "నా సుక్క సెదరకుండా నట్టు వదులైతే కొత్త సైకిలు కొనిస్తాను" అని ఊరందరికీ చెప్పేవాడు. కొనివ్వాల్సిన అవసరం ఏనాడూ రాలేదు.

సామ్యేలు తండ్రి మిషను కాంపౌండులో వంటవాడు. కొడుకు బడిపంతులై, తెల్లచొక్కా తొడుక్కుని, ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చోవాలని ఆయన కోరిక. కొడుకు పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి ఆ ముచ్చట తీర్చేశాడు. కానీ పెడలు దగ్గరి చక్రానికి నలభై నాలుగు పళ్ళు, వెనక ఫ్రీవీలుకి పద్దెనిమిది పళ్ళు ఉంటే ఒక్క తొక్కుకి బండి ఎంత దూరం పోతుందో కాగితం ముట్టకుండా చెప్పేవాడు. లెక్కల మేష్టారు ఇలాంటివి అడగలేదు, అదీ చిక్కు. పెళ్ళయ్యాక భార్య ఎస్తర్ రాణి పాటల బృందంలో పాడేది కాబట్టి, ఆమె పుణ్యాన ముందు వరసలో చోటు మాత్రం దొరికింది.

మత్స్యలింగం ఎస్. రాయవరం అవతల సముద్రపు ఒడ్డు మనిషి. ఎండు చేపల వ్యాపారం కోసం నర్సీపట్నం వచ్చి, ఇక్కడే ఇల్లు వేసుకుని ఉండిపోయాడు. సామ్యేలు కంటే ఆరేడేళ్ళు పెద్ద. వారానికోసారి చేపల బుట్ట సైకిలు క్యారేజీకి కట్టుకుని కొండ మీద సంతకి వెళ్ళేవాడు. కొండ కింద డౌనూరు దాకా తొక్కడం, అక్కణ్ణించి ఘాటీ రోడ్డు పొడుగునా నెట్టడం. ఇరవై ఏళ్ళు అలా నెట్టాక, తొంభై ఆరు ఎండాకాలంలో ఒకరోజు మలుపు దగ్గర గుండె పట్టేసినట్టయి బుట్టతో సహా కూలబడ్డాడు. డాక్టరు గారు గొట్టం పెట్టి చూసి, ఇక బరువులు నెట్టడం మానేయమన్నారు.

మర్నాడు మత్స్యలింగం సామ్యేలు కొట్టుకొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. డాక్టరు గారన్న మాట సామ్యేలుకి చెప్పాడు.

"బస్సు మీదేసుకుని ఎల్లొచ్చు గదన్నా" అన్నాడు సామ్యేలు.

"నా బుట్టని సూస్తే బస్సోడు ఆపడు. కంపంటాడు. తినేటప్పుడు కంపుండదు ఆడికి." తలొంచుకుని, "కొండ మీదోళ్ళు నా కోసం సూస్తారు తమ్ముడూ. ఇంట్లో కూకుంటే నానేటైపోతాను?" అన్నాడు.

ఆ ఆఖరి మాట సామ్యేలుకి గుచ్చుకుంది. పని చేసే మనిషి భయం పని చేసే మనిషికి తెలుస్తుంది.

"డాక్టరు గారు నెట్టొద్దన్నారు గానీ తొక్కొద్దన్లేదు గదా" అన్నాడు.

అలా అనేశాక మాట నిలబెట్టుకోవాలి. ఒక కాంట్రాక్టరు గారింటి గేరు సైకిలు లారీ కింద పడి పాత ఇనుములోకొచ్చింది. గేర్లు మార్చే సామాను నుజ్జునుజ్జయింది గానీ, వెనక పళ్ళచక్రాలు బాగానే ఉన్నాయి. అందులో ఇరవై నాలుగు పళ్ళ చక్రాన్ని విప్పి, మత్స్యలింగం సైకిలుకున్న పద్దెనిమిది పళ్ళ ఫ్రీవీలు పక్కన, లోపలివైపు కూర్చోబెట్టి వెల్డింగు చేయించాడు. చైనుకి మూడు లింకులు కలిపాడు. పెద్ద పళ్ళచక్రం మీద చైనుంటే తొక్కు తేలిక, బండి నెమ్మది, కొండకి అదే కావాలి. చదును రోడ్డుకి చిన్నది. గేర్ల సైకిలులో ఈ మార్పు చెయ్యడానికి మీట ఉంటుంది. ఇక్కడ మీటా లేదు, ఆ సామానూ లేదు. బండి దిగి చేత్తో మార్చుకోవాలి.

వారం రోజులు సామ్యేలుకి తిండి మీద ధ్యాస లేదు. పొద్దున్నే బలిఘట్టం వైపు వెళ్ళి, ఒక ఎత్తు దగ్గర దిగి, చైను మార్చి, ఎక్కి, తొక్కి, మళ్ళీ కిందకొచ్చి, దిగి, మార్చి, మళ్ళీ తొక్కేవాడు. క్యారేజీ మీద ఇసుక బస్తా కూడా కట్టి చూశాడు. ఆ ఎత్తుని ఇసుక బస్తాతో కూర్చున్న చోటే కూర్చుని ఎక్కేసిన రోజు, ఇంటికొచ్చి ఎస్తర్ రాణిని వంటింట్లోంచి లాక్కొచ్చి ఆ రెండు పళ్ళచక్రాలూ చూపించాడు. ఆమె చూసి, చేతులు మసయ్యాయి, కడుక్కుని రమ్మంది. ఆమె నవ్వు మాత్రం దాగలేదు.

బండి అప్పగించేటప్పుడు మత్స్యలింగానికి పాఠం చెప్పాడు. "నాలుగే పన్లు. ఒకటి, ఇరుసుకి రెండేపులా నట్లు వదులు సెయ్యి. రెండు, సైను పెద్దసక్రం మీదకెక్కించు. మూడు, ఎనక సక్రాన్ని ముప్పావంగుళం ముందుకి జరుపు, సైను బిర్రుగా వుండాల. నాలుగు, నట్లు బిగించు. కిందకొచ్చాక మళ్ళీ మార్చుకో." మూడుసార్లు చేయించి చూశాడు. మత్స్యలింగం చిన్నపిల్లాడిలా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ చేశాడు. ఆఖర్న చైనుని చిన్నదాని మీదకి తెచ్చి, సామ్యేలే బ్రేకులన్నీ సరిచేసి, వెనక బ్రేకు కడ్డీ నట్టు మీద ఎర్ర చుక్క పెట్టి ఇచ్చాడు.

ఆ వారం సంతకి మత్స్యలింగం ఘాటీ ఎక్కాడు. నిటారు మలుపుల దగ్గర దిగి ఊపిరి పీల్చుకున్నాడేమో గానీ, చాలామటుకు తొక్కే ఎక్కాడు. సంతలో ఆ రెండు పళ్ళచక్రాల్ని చూడ్డానికి జనం మూగారు. మధ్యాహ్నానికి వాన మొదలై సంత చెదిరిపోయింది. సగం సరుకు మిగిలిన బుట్టతోనే తిరుగుముఖం పట్టాడు. మూడో మలుపులో బండి ఆగలేదు. రోడ్డు పక్క రాతిగోడకి కొట్టుకుని, మనిషి ఒకవైపు, సైకిలు ఒకవైపు, చేపలు రోడ్డంతా పడ్డాయి. వెనకే వస్తున్న జీపువాళ్ళు ఎక్కించుకుని తీసుకొచ్చారు. అక్కణ్ణించి విశాఖపట్నం పెద్దాసుపత్రి, మూడు నెలలు మంచం. తుంటి అతికింది గానీ కుడికాలు రెండంగుళాలు పొట్టిదైపోయింది. మోకాలు మడత పడదు. మళ్ళీ సైకిలెక్కే మాట లేదు.

వెనక చక్రం పక్కకి తిరిగిపోయి ఉందని జీపు డ్రైవరు చెప్పాడు. అంటే ఇరుసు నట్లు సరిగ్గా బిగించలేదని అందరూ అనుకున్నారు. మత్స్యలింగం కూడా ఆసుపత్రి మంచం మీంచి అదే అన్నాడు. "సామ్యేలు సక్కగానే సెప్పాడు. నాలుగో పని నానే సరిగ్గా సెయ్యలేదు."

సైకిలుని బస్సు టాపు మీద వేసి సామ్యేలు కొట్టుకి పంపించారు. మధ్యాహ్నం ఎండలో వీధి ఖాళీగా ఉంది. సామ్యేలు బండిని తలకిందులు చేసి, ముందుగా ఇరుసు నట్టు మీద పానా పెట్టాడు. కదల్లేదు. కాలితో తొక్కితే గానీ వదల్లేదు. దాని కింద వాషరు ఫ్రేము ఇనుములోకి దిగబడి, గోడకి కొట్టుకున్న దెబ్బకి అలాగే ఈడ్చుకుపోయిన గీత తళతళా మెరుస్తోంది. నట్లు వదులుగా ఉండడం కాదు, తను బిగించినా అంత గట్టిగా బిగించడు. మరి బండెందుకు ఆగలేదు?

అప్పుడు వెనక బ్రేకు నొక్కి చూశాడు. రబ్బర్లు ముందుకొచ్చి గాలిలో ఆగిపోయాయి. చక్రాన్ని ఆ ఈడ్చుకున్న గీత మొదలుకి జరిపి మళ్ళీ నొక్కాడు. రిమ్ముకీ రబ్బరుకీ మధ్య వేలు దూరేంత సందు. ఆ సైకిళ్ళకి బ్రేకు తీగ కాదు, కడ్డీ. రబ్బర్లు ఫ్రేముని పట్టుకుని ఉండి, రిమ్ముని లోపలివైపు నుంచి ముందుకి లాగి పడతాయి, చక్రంతో పాటు జరగవు. చైనుని పెద్దదాని మీద వేసి చక్రాన్ని ముందుకి జరిపితే, రిమ్ము రబ్బర్లకి దూరమైపోతుంది. కడ్డీ నట్టుని నాలుగు చుట్లు తిప్పి రబ్బర్లని దగ్గరకి తెచ్చుకోవాలి. కొండెక్కేటప్పుడు ఎవడూ బ్రేకు వెయ్యడు. దిగేటప్పుడే తెలుస్తుంది. వానకి తడిసిన ముందు బ్రేకు ఒక్కటీ బుట్టతో ఉన్న బండిని ఆపలేదు.

ఆ ఐదో పని బలిఘట్టం ఎత్తు దగ్గర సామ్యేలు ఒక్కసారి కూడా మరిచిపోలేదు. చక్రం జరిపిన ప్రతిసారీ అతని చెయ్యి దానంతటదే కడ్డీ నట్టు మీదకి వెళ్ళింది, తిప్పింది, వెనక్కొచ్చింది. పాతికేళ్ళుగా ఆ చెయ్యి ఆ పని చేస్తోంది. చెయ్యి చేస్తున్న సంగతి మనసుకి తెలియదు, మనసుకి తెలియనిది నోటికి రాలేదు. మత్స్యలింగానికి పాఠం చెప్పిన రోజు కూడా మధ్యలో మూడుసార్లూ తనే పక్క నుంచి చెయ్యి పెట్టి ఆ నట్టు తిప్పి ఉంటాడు. పని రానివాడు చేసే తప్పు కాదిది, చెయ్యి తిరిగినవాడు మాత్రమే చెయ్యగల తప్పు.

కడ్డీ నట్టు మీద ఎర్ర చుక్క చెక్కు చెదరకుండా ఉంది. తను పెట్టిన చోటే ఉంది. ఆ నట్టుని ఎవరూ తిప్పలేదనీ, తిప్పమని ఎవరూ చెప్పలేదనీ ఆ చుక్కే సాక్ష్యం.

సామ్యేలు వీధికి అటూ ఇటూ చూశాడు. ఆ చుక్కని గోటితో గీకి, గుడ్డపేలిక కిరసనాయిల్లో ముంచి తుడిచేశాడు. ఎందుకు తుడిచావని అప్పుడెవరైనా అడిగుంటే చెప్పలేకపోయేవాడు. తుడిచేశాక పని పూర్తయినట్టు మాత్రం అనిపించలేదు.

తర్వాత ఎనిమిదేళ్ళు అతను ఏ నట్టు మీదా లక్క పెట్టలేదు. అడిగితే లక్క దొరకట్లేదన్నాడు, ఏటికొప్పాక పది మైళ్ళ అవతలే ఉందన్న సంగతి మరిచిపోయినట్టు. కొండ పక్కకి సరుకేసుకుపోయేవాళ్ళు, కృష్ణదేవిపేట రోడ్డులో పాలు పోసేవాళ్ళు ఆ రెండు పళ్ళచక్రాల సంగతి విని వచ్చేవాళ్ళు. వాళ్ళని పంపించేది మత్స్యలింగమే. "మా సామ్యేలు సేతి పని. తప్పు నాది గానీ బండిది కాదు" అని చెప్పి మరీ పంపించేవాడు. సామ్యేలు పళ్ళచక్రం లేదనో, వెల్డింగువాడు ఊళ్ళో లేడనో చెప్పి తిప్పి పంపేవాడు. ఆ పొగడ్త వింటే చెంప మీద కొట్టినట్టుండేది.

మత్స్యలింగం ఇంటికి ఏదో ఒక పని మీద వారానికి రెండుసార్లు వెళ్ళేవాడు. అతన్ని ఆసుపత్రికి రిక్షాలో తీసుకెళ్ళేవాడు, ఇంటి కప్పు మీద పెంకులు సర్దేవాడు. మత్స్యలింగం భార్య అప్పయమ్మ స్టీలు గ్లాసుతో టీ ఇచ్చి, "సొంత తమ్ముడికన్నా ఎక్కువ నువ్వు" అనేది. సామ్యేలు సగం గ్లాసు వదిలేసి లేచేవాడు. నెలకోసారి చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి, తప్పు దాచుకున్నవాడు ముట్టకూడని రొట్టె, ద్రాక్షరసం కోసం, అందరూ లేచి వెళ్తుంటే, సామ్యేలు కడుపులో బాగోలేదని కూర్చున్న చోటే కూర్చునేవాడు. మొదట్లో ఎస్తర్ రాణి శొంఠి కషాయం కాచి ఇచ్చింది. ఆ తర్వాత ఇవ్వడం మానేసి, ఊరికే అతని మొహం వైపు చూసేది.

రెండు వేల నాలుగు వచ్చేసరికి ఊరంతా షేరు ఆటోలైపోయాయి. సైకిలు కొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మత్స్యలింగం ఇంటి అరుగు మీదే ఇనప కుర్చీ వేసుకుని ఎండు చేపలు అమ్ముకునేవాడు. సామ్యేలు బాగుచేసి తిప్పి పంపిన ఆ రెండు పళ్ళచక్రాల సైకిలు గోడకి ఆనించి ఉండేది. పాత ఇనుము వాళ్ళు ఎంత అడిగినా ఇవ్వలేదు.

ఒక శనివారం సామ్యేలు అక్కడ ఉండగా, కుర్చీ కాలు ఊగుతోందని మత్స్యలింగం వంగి, పక్కనున్న పానాతో బోల్టు తిప్పబోయాడు. లోపల్నించి అప్పయమ్మ చూసింది.

"నువ్వు ముట్టుకోకు. నీ బిగింపు ఎలాంటిదో ఊరందరికీ ఎరికే. తమ్ముడున్నాడు గదా, ఇయ్యి."

కోపంగా అన్న మాట కాదు. ఎనిమిదేళ్ళుగా అలవాటైపోయిన మాట. మత్స్యలింగం కూడా చిన్నబుచ్చుకోలేదు. పానాని సామ్యేలు చేతిలో పెట్టి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, పక్కకి జరిగి కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళు బుట్ట కట్టి, తాళ్ళు బిగించి, కొండెక్కిన చేతులవి. ఇంట్లో దీపం సీసా మూత కూడా ఆమే బిగిస్తోందని, గుమ్మం గొళ్ళెం ఆమే చూసుకుంటోందని, ఎన్నోసార్లు చూసి కూడా పట్టించుకోని సంగతులన్నీ సామ్యేలుకి ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. కాలు పోయింది గోడ దెబ్బకి. ఈ చేతులు పోయింది మాత్రం కిరసనాయిలు గుడ్డకి.

ఇంటికెళ్ళి ఎస్తర్ రాణికి మొత్తం చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. చేట పక్కన పెట్టింది.

"పాస్టరు గారితో సెప్పనా?" అన్నాడు.

"పాస్టరు గారి కాలిరిగిందేటి?" అంది ఆమె.

మర్నాడు ప్రభువు బల్ల ఆదివారం. సామ్యేలు చర్చిలోకి వెళ్ళలేదు. ఉతికిన తెల్లచొక్కాతోనే గేటు దగ్గర్నించి వెనక్కి తిరిగి, నేరుగా మత్స్యలింగం ఇంటికి నడిచాడు. అరుగు మీద కూర్చోకుండా నిలబడే చెప్పాడు. నాలుగు పన్లు కాదనీ, ఐదు పన్లనీ, ఐదోది చెప్పలేదనీ, నట్లు బిగిసే ఉన్నాయనీ చెప్పాడు. చెప్పేటప్పుడు మత్స్యలింగం మొహం చూడలేక సైకిలు వైపు చూస్తూ చెప్పాడు.

మత్స్యలింగం కుర్చీలోంచి ముందుకి వంగి సైకిలు బ్రేకు కడ్డీ వైపు చూశాడు.

"సుక్క?" అని అడిగాడు. "నీ సుక్క ఉండాల గదా దాని మీద."

"ఉండీది. తుడిచీసానన్నా. కిరసనాయిలెట్టి."

"మర్చిపోడం మర్చిపోడమే" అన్నాడు మత్స్యలింగం నెమ్మదిగా. "మనిషన్నాక మర్చిపోతాడు. ఆ రోజే వొచ్చి సెప్పుంటే, పోనీలే తమ్ముడూ అనీసేవోణ్ణి. కాలు అప్పటికే పోయింది గదా. మరి ఎనిమిదేళ్ళు నన్నెందుకు నమ్మనిచ్చావు, నా సేతులు పనికిరావని?"

సామ్యేలుకి కన్నీళ్ళొచ్చాయి, వాటిని తుడుచుకోవడానికి కూడా సిగ్గేసింది.

మత్స్యలింగం లోపలికి కేకేశాడు. "ఒలే, ఇలగ రా. ఈడేదో సెప్తన్నాడు, ఇను." అప్పయమ్మ తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చింది. "ఇంకోపాలి సెప్పు, ఆవిడి కోసం" అన్నాడు.

సామ్యేలు మళ్ళీ మొదట్నించీ చెప్పాడు. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది. అప్పయమ్మ అతని మొహం వైపు చూడలేదు. అంతా విని, మొగుడి చేతుల వైపు చూసి, గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది. కాసేపటికి లోపలికెళ్ళింది. ఆ పూట టీ రాలేదు.

"సైకిలు ఇటు తే" అన్నాడు మత్స్యలింగం.

సామ్యేలు సైకిలుని తెచ్చి కుర్చీ ముందు తలకిందులుగా నిలబెట్టాడు. గాలి లేని టైర్లు, చైను మీద తుప్పు. మత్స్యలింగం పానా అందుకున్నాడు. మడత పడని కాలు ముందుకి సాచి, వంగి, నట్లు వదులు చేశాడు. చైను మార్చాడు. చక్రం జరిపాడు. సామ్యేలు చెయ్యి అలవాటుగా బ్రేకు కడ్డీ దగ్గరకి పోయింది. మత్స్యలింగం ఆ చేతిని పట్టుకుని పక్కన పెట్టాడు.

"నోటితో సెప్పు."

"ఐదోది" అన్నాడు సామ్యేలు. "ఐదోది, బ్రేకు కడ్డీ నట్టు నాలుగు సుట్లు తిప్పాల."

మత్స్యలింగం లెక్కపెట్టి నాలుగు చుట్లు తిప్పాడు. బ్రేకు నొక్కాడు. రబ్బర్లు రిమ్ముని పట్టుకున్నాయి. తర్వాత ఇరుసు నట్ల దగ్గరకొచ్చి, పళ్ళు బిగబట్టి, రెండు వైపులా బిగించి, పానా సామ్యేలు చేతికిచ్చాడు.

"సూడు. బిగిసిందా?"

సామ్యేలు పానా పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాడు. నట్టు కదల్లేదు.

"బిగిసిందన్నా."

"ఆ రోజు కూడా ఇలగే బిగించాను" అన్నాడు మత్స్యలింగం.